కోరలా, ఇలస్ట్రేటరా అన్నది తర్వాత: బోర్డుల పనిలో కస్టమర్ ఫైలుతో పడే పాట్లు

ప్రశ్న అడిగిన మిత్రుడి మాటల్లోనే సంగతి ఇది: తణుకులో డీటీపీ సెంటర్ నడుపుతూ ఈ మధ్యే రెండడుగుల కటింగ్ ప్లాటర్ (వినైల్ స్టిక్కర్లను బ్లేడుతో కోసే మెషిన్) కొన్నారు. రేడియం స్టిక్కర్లు, ఏసీపీ (అల్యూమినియం షీటు) బోర్డులు, గ్లో సైన్లు మొదలుపెట్టారు. ఫ్లెక్సీ ప్రింటింగు, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మెషిన్) కటింగు బయట చేయిస్తున్నారు. అడిగినవి నాలుగు. డిజైన్ సాఫ్ట్‌వేర్లలో కోరల్ డ్రా నేర్చుకోవాలా, ఇలస్ట్రేటరా? కస్టమర్లు తెచ్చే వాట్సాప్ ఫోటోలతో, అను అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టిన పాత మ్యాటర్‌తో ఏం చేయాలి? డిజైన్‌కి డబ్బులడిగితే ముఖం మాడ్చుకుంటున్నారు, ఎలా? పని అయ్యాక ఓపెన్ ఫైల్ (మార్పులు చేసుకోగలిగే అసలు ఫైల్) అడిగితే ఇవ్వాలా?

మొదటిదానికి ఒక్క మాటలో చెప్పాలంటే కోరల్. ఇలస్ట్రేటర్ తక్కువదని కాదు. మీ చుట్టుపక్కల ఫ్లెక్సీ ప్రింటర్, లేజర్ కటింగ్ అతను, సీఎన్‌సీ అతను, స్టాంపులు చేసే అతను అందరూ కోరల్ మీదే ఉంటారు. రాత్రి తొమ్మిదింటికి ఫైల్ పంపితే అటువైపు వాళ్లు తెరిచి చూడగలగాలి. ఒక్క జాగ్రత్త: పై వెర్షన్‌లో సేవ్ చేసిన సీడీఆర్ (కోరల్ ఫైల్) కింది వెర్షన్‌లో తెరుచుకోదు. అవతలివాళ్ల వెర్షన్ ఏదో ముందే కనుక్కొని, సేవ్ యాజ్‌లో వెర్షన్ తగ్గించి పంపండి. కొనే స్తోమత ఇప్పుడే లేకపోతే ఇంక్‌స్కేప్ ఉచితం. అందులో యూనికోడ్ తెలుగు శుభ్రంగా వస్తుంది, కటింగ్‌కి కావలసిన నోడ్ (గీత మీద వంపును మార్చే చుక్క) పనంతా చేసుకోవచ్చు. క్రాక్ కోరల్ మాత్రం వద్దు. సరిగ్గా డెలివరీ రోజునే అది మొరాయిస్తుంది, దాంతోపాటు వచ్చిన వైరస్ మీ పెన్ డ్రైవ్ ద్వారా ప్రింటర్ సిస్టమ్‌కి ఎక్కుతుంది, ఆ తర్వాత అతను మీ పెన్ డ్రైవ్ ముట్టుకోడు.

ఇలస్ట్రేటర్ వాడితే సైజు పరిమితి గుర్తుంచుకోండి. మామూలు క్యాన్వాస్ 227 అంగుళాలకు మించదు, అంటే పందొమ్మిది అడుగుల లోపే. ఇరవై బై పది హోర్డింగ్ అసలు సైజులో అందులో పట్టదు. 2020 నుంచి పెద్ద క్యాన్వాస్ ఇచ్చారు గానీ, ఆ ఫైలును పాత వెర్షన్లలో తెరవాలంటే తలనొప్పే. అందుకే చాలామంది పదో వంతు సైజులో చేసి ప్రింటర్‌కి చెబుతారు. అలా చేసినప్పుడు ఔట్‌లైన్లకు కోరల్‌లో ‘స్కేల్ విత్ ఆబ్జెక్ట్’, ఇలస్ట్రేటర్‌లో ‘స్కేల్ స్ట్రోక్స్ అండ్ ఎఫెక్ట్స్’ టిక్ పెట్టడం మరవకండి. అది లేకపోతే అక్షరం పదింతలు పెరుగుతుంది, దాని చుట్టూ ఉన్న తెల్ల గీత మాత్రం అంతే సన్నగా ఉండిపోతుంది. స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉన్న డిజైన్ ఫ్లెక్సీ మీద వెలవెలబోవడానికి సగం సార్లు ఇదే కారణం.

ఫోటోషాప్‌ని ఫోటోలకే ఉంచండి. బోర్డు మొత్తం ఫోటోషాప్‌లో కట్టే అలవాటు ఫ్లెక్సీల నుంచి వచ్చింది. పుట్టినరోజు ఫ్లెక్సీకి అది చెల్లుతుంది, ప్లాటర్‌కి చెల్లదు. ప్లాటర్ బ్లేడుకి గీత కావాలి, చుక్కలు కాదు.

ఇక అసలు విషయం. కస్టమర్ తెచ్చేది ఆర్ట్‌వర్క్ అని మీరు అనుకుంటున్నారు, అందుకే తల పట్టుకుంటున్నారు. అతను తెచ్చేది తనకు ఏం కావాలో చూపించే గుర్తు మాత్రమే. పాత విజిటింగ్ కార్డు, ఎండకు వెలిసిన పాత బోర్డు ఫోటో, పెళ్లికూతురి మేనమామ పంపిన వాట్సాప్ ఫార్వర్డ్, ఏదైనా సరే. దాని నుంచి అసలు సైజులో, శుభ్రమైన గీతలతో ఫైల్ తయారు చేయడమే మీ పని. ఈ వ్యాపారంలో మీరు అమ్మేదాంట్లో వినైల్, అక్రిలిక్ ఎంతో ఇదీ అంతే. ‘ఈ ఫోటో బాగాలేదండీ’ అని కస్టమర్‌తో వాదించడం మానేసి, ‘ఇది మళ్లీ గీయాలి, దీనికింత అవుతుంది’ అనడం మొదలుపెడితే టెన్షన్ సగం తగ్గుతుంది.

కస్టమర్‌కి నచ్చజెప్పాల్సి వస్తే లెక్క చూపించండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. దాన్ని ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద సాగదీస్తే, 240 అంగుళాలకు 1600 పిక్సెళ్లు, అంటే అంగుళానికి ఏడు కూడా రావు. ఒక్కో పిక్సెల్ దాదాపు నాలుగు మిల్లీమీటర్ల గడి అవుతుంది. హోర్డింగ్‌ని దూరం నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి 72 ఉంటే చాలు, ఎత్తులో కట్టేదైతే ఇంకా తక్కువైనా నడుస్తుంది. షాపు గుమ్మంలో అద్దం మీద అంటించే ప్రింటుకి 150 ఉండాలి. అందరూ జపించే 300 డీపీఐ ఇక్కడ అక్కర్లేదు. ఇరవై బై పది ఫ్లెక్సీని 72లో చేస్తే 17,280 బై 8,640 పిక్సెళ్లు, సీఎంవైకేలో (ప్రింటింగుకి వాడే నాలుగు రంగుల పద్ధతి) సుమారు 570 ఎంబీ. అదే 300లో చేస్తే దాదాపు పది జీబీ అవుతుంది. మామూలు టిఫ్ ఫైల్ నాలుగు జీబీ దాటదు, జేపెగ్ ఒక వైపు 65,535 పిక్సెళ్లు దాటదు. 300లో ఆ వెడల్పు 72,000 వస్తుంది కాబట్టి ఆ జేపెగ్ సేవే కాదు. కాలేజీలో మల్టీమీడియా కోర్సు చేసిన కుర్రాళ్లు కొత్తలో ఇక్కడే ఇరుక్కుంటారు.

ఫోటో తప్పనిసరైతే వాట్సాప్‌లోనే ‘డాక్యుమెంట్’గా పంపమని చెప్పండి, ఒరిజినల్ అలాగే వస్తుంది. స్క్రీన్‌షాట్ వద్దు అని కూడా విడిగా చెప్పాలి, లేకపోతే స్క్రీన్‌షాట్‌నే డాక్యుమెంట్‌గా పంపుతారు.

లోగోల విషయంలో ఎక్కువమందికి తెలియని దారి ఒకటుంది. కంపెనీ బ్రోచరో, కేటలాగో, పెద్ద కంపెనీ అయితే వార్షిక నివేదికో పీడీఎఫ్‌గా వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఆ పీడీఎఫ్‌ని నేరుగా కోరల్‌లో ఇంపోర్ట్ చేయండి. అడిగితే టెక్స్ట్‌ని కర్వ్స్‌గా (ఫాంటుతో పనిలేని గీతలుగా) తీసుకోమనండి. చాలాసార్లు లోగో లోపల వెక్టర్‌గానే (ఎంత పెంచినా చెదరని గీతలుగానే) ఉంటుంది, అన్‌గ్రూప్ చేసుకుంటే చాలు. పీడీఎఫ్‌ని బాగా జూమ్ చేసినా అంచు పదునుగా ఉంటే వెక్టర్, గళ్లు పడితే ఫోటో. బ్యాంకు, సిమెంటు, పెయింటు డీలర్ బోర్డులకైతే డిస్ట్రిబ్యూటర్‌ని అడిగితే లోగో ఫైలు, రంగుల నంబర్లు అన్నీ ఇస్తారు. గూగుల్‌లో దొరికిన లోగోతో చేస్తే కంపెనీ మనిషి వచ్చి చూసి బిల్లు ఆపేస్తాడు.

ఇది దొరక్కపోతే ట్రేసింగ్. కోరల్‌లో పవర్‌ట్రేస్ ఉంది, ఇలస్ట్రేటర్‌లో ఇమేజ్ ట్రేస్ ఉంది. రెండూ చూడ్డానికి మంత్రంలా ఉంటాయి. షేప్ టూల్‌తో ఆ గీత మీద క్లిక్ చేసి చూడండి, నాలుగు నోడ్లతో అయిపోవాల్సిన గుండ్రానికి అరవై నోడ్లు ఉంటాయి. ప్రింటుకైతే పర్వాలేదు. కటింగ్‌కి పంపితే ప్లాటర్ గుండ్రం తిరగకుండా వణుకుతూ వెళ్తుంది, వినైల్ అంచు రంపపు పళ్లలా వస్తుంది. సీఎన్‌సీ మీద ఇంకా ఘోరం. ప్రతి నోడ్ దగ్గరా మెషిన్ ఆగి ఆగి నడుస్తుంది, అక్రిలిక్ కరిగి బిట్‌కి అంటుకుంటుంది. కాబట్టి ఫోటోని లాక్ చేసి కింద పెట్టుకొని, పైన బెజియర్ టూల్‌తో చేత్తో గీయండి. గుండ్రాలకు ఎలిప్స్, తిన్నని వాటికి రెక్టాంగిల్, తర్వాత వెల్డ్ (ముక్కల్ని ఒకటిగా కలపడం), ట్రిమ్ (కత్తిరించడం). నోడ్లు వంపు మొదలయ్యే చోట, ముగిసే చోట ఉంటే చాలు. ఇంగ్లీషు అక్షరాలైతే ట్రేస్ చేయకండి, ఆ ఫాంటే వెతికి టైప్ చేయండి. ఫోటో చూసి ఫాంట్ పేరు చెప్పే సైట్లు ఉన్నాయి. కొత్తలో విసుగు పుడుతుంది, చేతికి అలవాటయ్యాక పవర్‌ట్రేస్ చేసి ఆ చెత్త శుభ్రం చేయడం కన్నా ఇదే త్వరగా అవుతుంది.

సీఎన్‌సీకి ఇచ్చేటప్పుడు ఇంకో రెండు మాటలు. మూడు మిల్లీమీటర్ల బిట్ లోపలి మూలని పదునుగా కోయలేదు, ఒకటిన్నర మిల్లీమీటర్ల గుండ్రం మిగులుతుంది. సన్నని మూలలున్న లోగో అయితే లేజర్‌కి ఇవ్వండి. (లేజర్ మీద పీవీసీ వినైల్, పీవీసీ ఫోమ్ షీటు ఎప్పుడూ కోయించకండి. క్లోరిన్ కలిసిన విషవాయువు వస్తుంది, మనిషికీ మెషిన్‌కీ చేటే.) రెండోది డీఎక్స్ఎఫ్ (కటింగ్ మెషిన్‌కి పంపే గీతల ఫైల్) సైజు. మీ దగ్గర మిల్లీమీటర్లు, అతని సాఫ్ట్‌వేర్‌లో అంగుళాలు ఉంటే అక్షరం 25.4 రెట్లు పెరిగో తగ్గో తెరుచుకుంటుంది. ఫైల్ మూలన 100 మిల్లీమీటర్ల చదరం ఒకటి గీసి ‘ఇది వంద ఉందో లేదో చూసుకో అన్నా’ అని మెసేజ్ పెట్టండి. మెటీరియల్ వృథా కాకుండా ఆపేది అదే.

ఇప్పుడు తెలుగు. మీరు డీటీపీ నుంచి వచ్చారు కాబట్టి అను మీకు చేతి వేళ్లలో ఉంటుంది. మంచిదే, దాన్ని వదలక్కర్లేదు. అను, శ్రీలిపి లాంటివి యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంట్లు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు కనిపిస్తుంది. అందుకని బయటికి వెళ్లే ఏ ఫైల్‌లోనైనా కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేయాల్సిందే. కర్వ్స్ చేయని కాపీ ఒకటి మీ దగ్గర విడిగా దాచండి, ఫోన్ నంబర్ మారిందని ఆరు నెలల తర్వాత మళ్లీ వస్తారు.

కర్వ్స్ చేస్తే ప్రింటింగ్‌కి సరిపోతుంది, కటింగ్‌కి సరిపోదు. ఎక్కువమంది కొత్త ప్లాటర్ వాళ్లు వినైల్ పాడు చేసుకునేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ‘శ్రీ గణేశ’ అని అనులో టైప్ చేసి కర్వ్స్ చేసి, వ్యూ మెనూలో వైర్‌ఫ్రేమ్ (రంగు లేకుండా గీతలే కనిపించే వ్యూ) పెట్టి చూడండి. ‘గ’ ఒక గీత, దాని తలకట్టు ఇంకో గీత. ‘శ’కి గుడిదీర్ఘం విడిగా, రవత్తు విడిగా ఉంటాయి. అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. నలుపు రంగు నింపి ఉన్నప్పుడు కంటికి ఒకే అక్షరం. బ్లేడు మాత్రం ప్రతి ముక్క చుట్టూ విడివిడిగా తిరుగుతుంది. తలకట్టు అక్షరాన్ని తాకే చోట అడ్డంగా కోత పడుతుంది. వేస్ట్ పీకేటప్పుడు తలకట్టు దానితో పాటే లేచి వస్తుంది. ఒకవేళ అప్పుడు నిలిచినా, రెండు ఎండాకాలాలు పోయాక ఆ కోత దగ్గరే వినైల్ లేస్తుంది.

మందు ఏమిటంటే అక్షరాలన్నీ సెలెక్ట్ చేసి వెల్డ్ కొట్టడం. కంబైన్ కాదు, వెల్డ్. కంబైన్ కొడితే రెండు ముక్కలు కలిసిన చోట బొక్క పడుతుంది, ‘గ’ తలకట్టు మొదట్లో చిన్న తెల్ల ముక్క కనిపిస్తే ఎవరో కంబైన్ కొట్టారని అర్థం. వెల్డ్ అయ్యాక మళ్లీ వైర్‌ఫ్రేమ్‌లో చూడండి. అక్షరం చుట్టూ ఒకటే గీత, లోపలి ఖాళీకి ఒక గీత ఉండాలి. కొన్ని పాత ఫాంట్లలో తలకట్టు అక్షరాన్ని సరిగ్గా తాకదు, వెంట్రుకవాసి ఎడం ఉంటుంది. వెల్డ్ అక్కడ ఏమీ చేయలేదు, ముక్కని మీరే జరిపి ఎక్కించి వెల్డ్ చేయాలి. ముక్కల్ని విడదీసే బ్రేక్ అపార్ట్ నొక్కేవాళ్లు మాత్రం ‘ఠ’, ‘థ’ల లోపలి చుక్క, సున్నా లోపలి ఖాళీ నిండిపోకుండా మళ్లీ కలుపుకోవాలి.

యూనికోడ్ ఫాంట్లలో ఈ బాధ తక్కువ, లేకపోలేదు. ఇప్పుడు వాటిలో బోర్డులకు పనికొచ్చే లావు ఫాంట్లు బాగానే ఉన్నాయి. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన రామభద్ర, రామరాజ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. బాలూ తమ్ముడు గుండ్రంగా, లావుగా ఉంటుంది, స్వీట్ షాపులకీ పిల్లల స్కూళ్లకీ నప్పుతుంది. నోటో శాన్స్ తెలుగు సన్నం నుంచి బాగా లావు వరకు దొరుకుతుంది, ఆసుపత్రి లోపలి బోర్డులకు నాకు అదే ఇష్టం. వీటి లైసెన్సుతో వ్యాపారానికి వాడుకోవచ్చు. కోరల్ ఎక్స్6 నుంచి యూనికోడ్ తెలుగు సరిగ్గా కూర్చుంటుంది, అంతకు ముందు వెర్షన్లలో వద్దు. పాత ఫోటోషాప్ వెర్షన్లలో టైప్ ప్రిఫరెన్సెస్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి, ఇలస్ట్రేటర్‌లో షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ చేసి పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో సౌత్ ఏషియన్ కంపోజర్ పెట్టాలి. అవి పెట్టకపోతే ఒత్తులు అక్షరం కిందికి రావు, ‘శ్రీ’ కాస్తా ‘శ్‌రీ’ అయి కూర్చుంటుంది. హైవే మీద అలాంటి బోర్డులు ఎన్ని కనిపిస్తాయో మీకు తెలుసు.

ఇంకో తిప్పలు ‘ఫుట్‌వేర్’, ‘హార్డ్‌వేర్’ లాంటి మాటలతో. కస్టమర్ ఫోన్‌లో టైప్ చేసి పంపిన మ్యాటర్ కాపీ చేస్తే ‘ఫుట్వేర్’, ‘హార్డ్వేర్’ అని వత్తు కిందికి దిగిపోతుంది. పొల్లు తర్వాత కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి ఉండాలి. యూనికోడ్ నుంచి అనుకి మార్చే కన్వర్టర్లు దాన్ని మింగేస్తుంటాయి కూడా. నాలుగు మాటల బోర్డుకి కన్వర్టర్ ఎందుకు, చేత్తో టైప్ చేసుకోండి.

సైజు చూసేటప్పుడు కూడా తెలుగుకి వేరే కన్ను కావాలి. పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం అని సైన్‌బోర్డుల వాళ్లు లెక్క వేస్తారు. నలభై అడుగుల రోడ్డుకి అవతలి నుంచి హాయిగా చదవాలంటే నాలుగు అంగుళాలు. ఆ లెక్క ఇంగ్లీషు పెద్ద అక్షరాలది. కోరల్ చూపించే ఎత్తులో పైన గుడిదీర్ఘం, కింద ఒత్తు కూడా కలిసి ఉంటాయి. ‘శ్రీ’ ఉన్న లైను పన్నెండు అంగుళాలంటే ‘శ’ శరీరం అందులో ఎంతో తక్కువ. అందుకే ఒత్తూ గుడీ లేని ఒక అక్షరం, ‘ర’ గానీ ‘మ’ గానీ, పక్కన పెట్టి దాన్ని కొలవండి. ఇంగ్లీషు లైను పక్కన తెలుగు ఎప్పుడూ చిన్నగా కనపడుతోందని కస్టమర్ గొణగడానికి కారణం ఇదే. షాపుల చట్టం నిబంధనల ప్రకారం బోర్డు మీద తెలుగు ఉండాల్సిందే కాబట్టి ఈ తగువు తప్పదు, లేఅవుట్ గీసే మొదటి నిమిషంలోనే తెలుగుకి ఎక్కువ ఎత్తు కేటాయించండి. లైటు వెలిగే 3డీ అక్షరాలైతే ఒత్తులు మరీ సన్నబడి ఎల్ఈడీ మాడ్యూల్ లోపల పట్టదు. విడిగా ఉన్న ప్రతి ఒత్తుకీ వేరే వైరు లాగాలి. అలాంటప్పుడు లావు ఫాంట్ తీసుకొని ఒత్తుని కాస్త పెంచి, అక్షరానికి తాకించి వెల్డ్ చేయండి. అందం కొంచెం తగ్గినా రాత్రిపూట అక్షరం మొత్తం వెలుగుతుంది.

కాన్వా, ఏఐ సంగతి. కాన్వాలో చేసుకొచ్చినవాళ్లని చూసి భయపడకండి. జేపెగ్ బదులు ‘పీడీఎఫ్ ప్రింట్’గా డౌన్‌లోడ్ చేయమనండి, ఫ్లాటెన్ టిక్ పెట్టొద్దని చెప్పండి. అందులో అక్షరాలు, ఆకారాలు చాలావరకు వెక్టర్‌గా వస్తాయి. ఎస్‌వీజీ అయితే డబ్బు కట్టిన అకౌంట్‌లోనే దొరుకుతుంది. ఏఐతో చేయించిన లోగోలు మాత్రం వేరే కథ. బొమ్మ కళ్లు చెదిరేలా ఉంటుంది, కింద తెలుగు పేరులో అరసున్నాలాంటిదేదో, ఏ వర్ణమాలలోనూ లేని ఒత్తు ఒకటి ఉంటాయి. కస్టమర్ దాన్ని అప్పటికే ఊరంతా స్టేటస్ పెట్టి ఉంటాడు. బొమ్మలో గీతలు తగ్గించి, మూడు రంగులకు దించి మళ్లీ గీయాలి, తెలుగు పేరు కొత్తగా వేయాలి. ఏఐ ఫ్రీగా ఇచ్చింది కదా అని అతను అడిగితే, బోర్డు కూడా దాన్నే కట్టమనండి అనాలనిపిస్తుంది. అనకండి. ఫోన్ తీసుకొని ఆ పేరుని జూమ్ చేసి అతని చేతే చదివించండి, చాలు.

రంగుల మీద రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ఇది మీ ప్రింటర్ మెషిన్‌ని బట్టి మారుతుంది. ఫోన్ స్క్రీన్ మీద మెరిసే చిలకపచ్చ, నియాన్ నీలం నాలుగు రంగుల ఇంకుతో రావు. నీలం ఊదాగా దిగుతోందంటే మెజెంటా తగ్గించండి, సయాన్ 100కి మెజెంటా 70 దాటనివ్వకండి. పెద్ద నల్లటి బ్యాక్‌గ్రౌండ్‌కి ఒట్టి కే 100 (నలుపు ఇంకు మాత్రమే) వేస్తే బూడిద రంగులా పాలిపోతుంది. సయాన్ 60, మెజెంటా 40, ఎల్లో 40, కే 100 వేస్తే నలుపు నిండుగా వస్తుంది, చిన్న అక్షరాలకు మాత్రం ఒట్టి కే చాలు. బ్యాక్‌లిట్ ఫ్లెక్స్ అయితే ప్రింటర్‌కి ముందే చెప్పాలి, ఇంకు ఎక్కువ పడాలి, లేకపోతే లైటు వేయగానే రంగంతా పాలిపోతుంది. పాత ఫోటోషాప్ ఫైల్లో రంగులు నల్లగా తెరుచుకుంటే కంగారు పడొద్దు. 2022 నవంబరు తర్వాత అడోబీ ప్యాంటోన్ పుస్తకాలు (నంబర్లున్న రెడీ రంగుల జాబితాలు) చాలావరకు తీసేసింది, ఆ రంగులకు సీఎంవైకే విలువలు మీరే ఇవ్వాలి. అన్నిటికన్నా మేలైన పని ఒకటుంది. మీరు తరచుగా వాడే రంగుల గడులు ఒక రెండడుగుల ముక్క మీద, మీ ప్రింటర్ దగ్గరే, నంబర్లతో సహా కొట్టించి షాపు గోడకు తగిలించండి. కస్టమర్ ఫోన్ చూపించి ‘ఈ రంగు’ అంటే మీరు గోడ చూపించండి. కటింగ్ వినైల్‌కైతే షేడ్ కార్డు ఉంటుంది, వేలు పెట్టి చూపించమనండి.

కొలతలు మీరే తీసుకోండి, కస్టమర్ చెప్పిన ‘పది మూడు’ నమ్మొద్దు. షట్టర్ పైన బోర్డు కూర్చునే చోట కరెంటు మీటరో, పక్కింటి రేకో అడ్డం ఉంటుంది. ఫ్రేముకి చుట్టే ఫ్లెక్సీ అయితే నాలుగు వైపులా రెండు మూడు అంగుళాలు మడతకి వదలాలి, మ్యాటర్ అంచుకి దూరంగా ఉండాలి. ఫోన్ నంబర్ చివరి అంకె ఫ్రేము వెనక్కి మడిచిపోయిన బోర్డు ఏ బస్టాండు దగ్గరైనా ఒకటి కనిపిస్తుంది.

ఓకే చెప్పించుకోవడం గురించి మీరు అడగలేదు, అయినా డబ్బు గొడవలు సగం అక్కడి నుంచే పుడతాయి. ఒక్క మనిషి దగ్గరే ఓకే తీసుకోండి. ఓనరు ఓకే అంటాడు, బావమరిది రంగు మార్చమంటాడు, వాళ్లావిడ దేవుడి బొమ్మ కుడివైపుకి జరపమంటుంది. (రాజకీయ ఫ్లెక్సీల్లో ఇది ఇంకో ఎత్తు. ఎవరి తల ఎవరి తల కన్నా ఎంత పెద్దగా ఉండాలో తేల్చడం డిజైనర్ పని కాదు. ముఖాల వరసా సైజులూ రాసిచ్చిన కాగితం చేతికొచ్చాకే సిస్టమ్ ముందు కూర్చోండి.) ప్రూఫ్ పంపేటప్పుడు చిన్న సైజులో, మీ షాపు పేరు అడ్డంగా వేసి పంపండి. కింద మ్యాటర్ మొత్తం టైప్ చేసి ‘పేరు, ఫోన్ నంబర్, స్పెల్లింగ్ చదివి ఓకే అని రాయండి, ఆ తర్వాత మార్పుకి చార్జి ఉంటుంది’ అని పెట్టండి. బొటనవేలు గుర్తు కాదు, ‘ఓకే’ అని అక్షరాల్లో రావాలి. మనుషుల పేర్లలో మీరు పాండిత్యం చూపించొద్దు. ఆయన ‘వెంకటేశ్వర్లు’ని ‘వెంకటేశ్వరులు’ అని రాసుకుంటానంటే అదే కరెక్టు.

డబ్బు దగ్గరికి వద్దాం. చదరపు అడుగు రేటులో డిజైన్ కలిపేస్తే దానికి విలువే ఉండదు. ‘డిజైన్ ఫ్రీ’ అని బోర్డు పెట్టిన పక్క షాపు వాడు ఆ ఖర్చు మెటీరియల్‌లో లాగుతాడు, లేదంటే పాత ఫైల్లో పేరు మార్చి ఇస్తాడు. మీరు ఎస్టిమేట్‌లో రెండు లైన్లు రాయండి: బోర్డు ఇంత, ఆర్ట్‌వర్క్ ఇంత. వెక్టర్ ఫైల్ తెచ్చుకుంటే రెండో లైను కొట్టేస్తామని చెప్పండి. ఈ మాట విన్నాక కొందరు నిజంగానే కంపెనీ నుంచి ఫైల్ తెప్పిస్తారు, మిగతావాళ్లు మారు మాట్లాడకుండా కడతారు. రెండు సార్లు మార్పులు అందులోనే, మూడోసారి నుంచి విడిగా. డిజైన్ మొదలుపెట్టే ముందే సగం అడ్వాన్సు. ముఖం మాడ్చుకుని వెళ్లేవాళ్లు వెళ్తారు. వాళ్లలో ఎక్కువమంది ప్రూఫ్ ఫోటో తీసుకొని పక్క షాపులో ప్రింటు కొట్టించుకునే బాపతే.

డీలర్‌షిప్ కాగితం లేకుండా పేరున్న కంపెనీ లోగోతో బోర్డు అడిగేవాళ్లుంటారు, ముఖ్యంగా ఫోన్ రిపేరు, మోటారు స్పేర్ పార్టుల వాళ్లు. ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 కింద తప్పుడు ట్రేడ్‌మార్క్ వేయడానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉంది. ‘నేను గీసిందే కదా, వాడు పెట్టుకున్నాడు’ అంటే ఎవరూ వినకపోవచ్చు. ఆథరైజ్డ్ అన్న మాట వేయాలంటే కాగితం కాపీ తీసుకొని ఫైల్‌లో పెట్టుకోండి.

చివరిది, ఓపెన్ ఫైల్. ఆర్ట్‌వర్క్‌కి విడిగా డబ్బు తీసుకున్న లోగో అయితే ఇవ్వండి. కర్వ్స్ చేసిన పీడీఎఫ్ ఒకటి, పెద్ద పీఎన్‌జీ ఒకటి. అతను రేపు విజిటింగ్ కార్డులు, కవర్లు కొట్టించుకోవాలి కదా. డబ్బు తీసుకోని చోట ఇవ్వక్కర్లేదు, కావాలంటే రేటు చెప్పండి. మీరు పని చేసుకునే సీడీఆర్ మాత్రం, లేయర్లతో, గైడ్‌లైన్లతో, కటింగ్ సెట్టింగులతో ఉన్నది, ఎవరికీ అవసరం లేదు. దాన్ని ఊరు, షాపు పేరు, సైజు, నెల కలిపి పేరు పెట్టి రెండు చోట్ల దాచుకోండి. ‘న్యూ ఫైనల్ 2 కాపీ’ అని పెట్టిన ఫైలు మళ్లీ అవసరమైన రోజు దొరకదు. మీ ప్లాటర్ మోడలు, సిస్టమ్‌లో ర్యామ్ ఎంతో రాస్తే కటింగ్ సెట్టింగుల గురించి విడిగా చెబుతాను.